బట్ట ద్రవం అన్న రోజు

మా ఆవిడ గొంతు పాడవుతోందన్న సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది మా అమ్మ. అమ్మకు చెవులు వినపడవు. అందుకే ఎదుటి మనిషి పెదాలను చూసి మాట పట్టుకుంటుంది, మెడను చూసి ఆ మాట ఎంత కష్టంగా వస్తోందో కూడా పట్టుకుంటుంది. ఒక సాయంత్రం కోడలి వైపే చూస్తూ కూర్చుని, కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచి, "దాని మెడ నరాలు చూశావురా? అది మాట్లాడట్లేదు, మూటలు మోస్తోంది," అంది. రోజంతా బడిలో అరుస్తుంది కదా, బొంగురు పోయి ఉంటుంది, అదే సర్దుకుంటుందిలే అని నేను కొట్టిపారేశాను. నేను దర్జీని. వచ్చే పోయే జనం మెడలకు టేపు చుట్టడమే నా పని. ఇంట్లో మనిషి మెడ కొలిచి చూడాలని ఎవరికి తోస్తుంది చెప్పండి.

ఆవిడ ఆరో తరగతికి సైన్సు చెబుతుంది. పెద్ద తరగతులు ఇస్తామని ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. పదార్థం అంటే ఏమిటి, దాని గుణాలేమిటి, ఎన్ని రకాలు అన్న పాఠం ఆరో తరగతిలోనే మొదలవుతుంది. ఆ మొదలు ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆవిడకు మనసొప్పదు. పిల్లలు ఆవిడకు 'పట్టి చూడు టీచరు' అని పేరు పెట్టారు. ఏదడిగినా ముందు పట్టి చూడు అంటుంది. గట్టిగా ఉందా మెత్తగా ఉందా, గరుకా నునుపా, నీళ్ళలో వేస్తే మునుగుతుందా తేలుతుందా, కరుగుతుందా కరగదా, వెనక దీపం పెడితే వెలుగు ఇవతలికి వస్తుందా రాదా. ఇవన్నీ అయ్యాకే దాని పేరు. పేరు ముందే చెప్పేస్తే పిల్లలు ఇక చూడడం మానేస్తారని ఆవిడ వాదన.

అందువల్ల బడులు తెరిచే వారం వచ్చిందంటే మా ఇల్లు దొంగలు పడ్డ ఇల్లే. సబ్బు ఉండదు, కొవ్వొత్తి ఉండదు, ఉప్పు డబ్బా ఉండదు. నూనె సీసా సంచీలో కూర్చుని బడికి బయలుదేరుతుంది. నా గుండీల డబ్బా పోయి, కొట్టుకు వచ్చిన పెద్దమనిషికి చొక్కా గుండీలు లేకుండా ఇవ్వాల్సి వచ్చిన సందర్భం కూడా ఉంది. ఒకసారి మా అమ్మ చేతికర్ర కింద ఉండే రబ్బరు తొడుగు కావాలనిపించింది ఆవిడకు. "అత్తయ్యా, సాయంత్రానికల్లా తెచ్చేస్తాను," అని అడిగింది. అమ్మ కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ ఆ పెదాలు చూడలేదు, ఏదో అడిగింది కదా అని సరే అంది. ఆ రోజంతా కర్ర జారిపోతుంటే మంచం దిగలేక, ఇది జారుతోంది ఎందుకురా అని నన్ను తిట్టింది.

మా పెళ్ళి కూడా ఆ పాఠం చలవే. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో తెల్ల కోటు కుట్టించుకోవడానికి నా కొట్టుకు వచ్చింది. జేబులు ఎక్కువ కావాలంది. ఎన్ని అంటే, ఎన్ని పడితే అన్ని అంది. జేబులో రాయీ, సుద్దా, దూదీ, మైనం ఉంటాయట, ఒకదానికొకటి అంటుకోకూడదట. నేను లోపలి వైపు కూడా జేబులు పెట్టి ఇచ్చాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి, చేతుల మీద కూడా ఒక్కొక్కటి పెట్టగలరా అని అడిగింది. ఈ కోటు పూర్తవదు, ఈ అమ్మాయి వస్తూనే ఉంటుంది అని అప్పుడే నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే తెలిసి సంతోషపడ్డాను.

సరే, గొంతు సంగతి. బొంగురు తగ్గలేదు. డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి, మాట పుట్టే చోట చిన్న కండ పెరిగిందన్నాడు. తీసేశారు. భయపడాల్సిందేమీ లేదని చెప్పి, కొన్ని వారాలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా వద్దన్నాడు. ఆ రోజుల్లో ఆవిడ నా కటింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, మిగిలిపోయిన నల్ల బట్ట ముక్కల మీద నా మార్కింగ్ సుద్దతో రాసి నాతో మాట్లాడేది. చెవులు వినపడని అత్త, నోరు విప్పకూడని కోడలు, మధ్యలో నేను. మీ ఇంట్లో గొడవలు ఎలా అవుతాయయ్యా అని పక్క కొట్టు చెప్పుల మనిషి నవ్వేవాడు. అవుతాయి బాబూ, కాకపోతే సుద్ద ఎక్కువ ఖర్చవుతుంది అనేవాణ్ణి.

వారాలు గడిచాయి. నోరు విప్పొచ్చన్నారు. విప్పితే మాట రాలేదు, గాలి వచ్చింది. మాటలే, అక్షరం తప్పు పోలేదు, కానీ ధ్వని లేదు. పక్కన కూర్చుంటే అర్థమవుతుంది, గది అవతలి గోడ దగ్గర ఉంటే పెదాలు కదిలినట్టు ఉంటుంది అంతే. ఇక ఇంతేనా అని అడిగితే, ఇంతే అన్నాడు డాక్టరు. గట్టిగా మాట్లాడాలని గొంతు చించుకుంటే ఉన్నది కూడా పోతుందని హెచ్చరించాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచి, నా వైపు తిరిగి, "ఆరో తరగతి?" అని మాత్రం అడిగింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు మంచి మనిషి. మెడలో వేసుకునే చిన్న మైకు ఒకటి తెప్పించారు. స్టాఫ్ రూములో పెట్టి చూస్తే ఆవిడ గొంతు అందులోంచి పంచరైన సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు బుస్సుమంటూ వచ్చింది. అక్కడున్న టీచర్లే నవ్వు ఆపుకోలేకపోయారు, పిల్లలు ఆపుకుంటారా? ఆ మైకు తీసి పక్కన పెట్టేసి, లైబ్రరీ చూసుకోమన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. జీతంలో తేడా ఉండదు, గొంతుకు విశ్రాంతిగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు అని బుజ్జగించారు. ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఎందుకంత బాధ, పుస్తకాలంటే నీకు ఇష్టమే కదా అన్నాను.

"ఇష్టమే. కానీ పుస్తకాలు ఎదురు అడగవండీ."

ఆ మాట వినడానికి నేను మెషిను ఆపి వంగాల్సి వచ్చింది. విన్నాక మళ్ళీ తొక్కబుద్ధి కాలేదు. మర్నాడు నేనే హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్ళి, పదార్థం పాఠం మొదటి రోజు ఒక్కటీ ఆవిడతో చెప్పించి చూడండి, గొంతు నేనవుతాను అన్నాను. ఆవిడ సైగ చేస్తుంది, నేను పైకి అంటాను. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మీరు సైన్సు చదివారా అని అడిగారు. చదివాను, పాసవలేదు అన్నాను. అబద్ధం చెప్పడం ఎందుకు? ఆమె నవ్వి, సరే, ఒక్క రోజు, తానే చివరి బెంచీలో కూర్చుని చూస్తానన్నారు. ఆ తర్వాత తాను ఏం చెబితే అది వినాలని కూడా అన్నారు.

మా ఆవిడకు చెబితే ముందు తల పట్టుకుంది, తర్వాత నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. పాఠమంటే పెద్దగా ఏమీ లేదు. చోటు ఆక్రమించేది, బరువున్నది ఏదైనా పదార్థమే. ఘనానికి తనదంటూ ఒక ఆకారం ఉంటుంది. ద్రవానికి ఉండదు, ఏ పాత్రలో పోస్తే ఆ పాత్ర ఆకారం. వాయువు ఎంత చోటిస్తే అంత చోటూ నిండుతుంది. కొట్టులో మెషిను తొక్కుతూ ఈ నాలుగు ముక్కలూ ముక్కున పట్టాను. గుండీలకు కాజాలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ, ఏదైనా మంత్రమా అండీ అని అడిగింది.

పాఠం రోజున ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. తరగతిలోకి అడుగుపెట్టగానే నాకు కనపడింది పిల్లలు కాదు, బట్టలు. అదొక రోగం నాకు. పైగుండీ ఊడిన చొక్కా ఒకటి, అంచు విప్పి పొడుగు దించిన గౌను ఒకటి, అన్నల నుంచి తమ్ముళ్ళకు వచ్చి భుజాలు జారిపోతున్న చొక్కాలు ఎన్నో. ముందు మూడు బల్లలు వేసి ఉన్నాయి, ఘనం, ద్రవం, వాయువు అని అట్టలు పెట్టి. వెనక చివరి బెంచీలో హెడ్‌మిస్ట్రెస్ గారు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. పైన ఫ్యాను గరగరమంటోంది, వీధిలో బండ్ల రొద. ఇందులో ఆవిడ గొంతు ముందు బెంచీకి కూడా అందదని నాకు అప్పుడే అర్థమైంది.

మొదట అంతా బాగానే నడిచింది. ఆవిడ సంచీలోంచి వస్తువు తీస్తుంది, పిల్లల చేతికిస్తుంది, నా వైపు చూస్తుంది. ఇదేమిటి, ఏ బల్ల మీద పెడదాం అని నేను అడుగుతాను. రాయి, చెంచా, సబ్బు ఘనం బల్ల ఎక్కాయి. నీళ్ళు, నూనె, తేనె ద్రవం బల్ల ఎక్కాయి. తేనె దగ్గర కొంచెం పేచీ వచ్చింది కానీ, ఆవిడ సీసా పక్కకు వంచి పట్టుకుని ఓపిగ్గా నిలబడితే అది నెమ్మదిగా పక్కకు ఒరిగి సీసా ఆకారంలోకి వచ్చింది. గాలి దగ్గరికి వచ్చేసరికి, ఖాళీ గాజు గ్లాసులో నా కొట్టు బట్ట ముక్క ఒకటి అడుక్కి కుక్కి, గ్లాసు తలకిందులుగా నీళ్ళ బకెట్లో నిటారుగా ముంచింది. తీశాక బట్ట పొడిగా ఉంది. గ్లాసు ఖాళీ అన్నవాళ్ళంతా లేచి వచ్చి ఆ బట్ట పట్టి చూశారు. లోపల గాలి ఉండి నీళ్ళను రానివ్వలేదని వాళ్ళే అన్నారు. నేనేమీ అనాల్సిన పని పడలేదు.

అప్పుడు గుండీ ఊడిన పిల్లాడు ఆ బట్ట ముక్క పైకెత్తి, ఇది ఏ బల్ల మీద పెట్టాలి టీచర్ అని అడిగాడు. ఆవిడ నా వైపు వేలు చూపించింది. మీరు క్లాసును అడగండి అని ఆ వేలికి అర్థం. మీరు చెప్పండి అని నేను అర్థం చేసుకున్నాను. బట్ట గురించి నన్ను అడిగితే ఆగుతానా? బట్టల మధ్యే పుట్టి పెరిగినవాణ్ణి. బట్టకు తనదంటూ ఆకారం ఎక్కడుంది? టేబుల్ మీద పరిస్తే టేబులు, భుజాన వేస్తే భుజం. సన్నటి మనిషికి వేస్తే సన్నం, బొజ్జ మీద వేస్తే బొజ్జ. బకెట్లో పడేస్తే బకెట్టు ఆకారమే. నేను ముక్కున పట్టిన ముక్కల లెక్కన అనుమానమే లేదు.

"ద్రవం," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఫ్యాను గరగరను కూడా మించి వినపడింది.

తరగతి తరగతంతా ఒక్కసారి లేచింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. నోరు తెరిచింది, చెయ్యి గొంతు దగ్గరికి వెళ్ళింది, మెడ బిగిసింది. అరవబోతోందని నాకు తెలిసిపోయింది. అరిస్తే ఉన్న గాలి కూడా పోతుంది. వద్దు అని నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ నన్ను చూసింది, చివరి బెంచీ వైపు చూసింది. నెమ్మదిగా నోరు మూసుకుంది. ఆ బట్ట ముక్క, రెండు గ్లాసుల నీళ్ళు తీసుకెళ్ళి పిల్లల మధ్య పెట్టి, పక్కకు తప్పుకుని నిలబడింది.

ఇక వాళ్ళు నా మీద పడ్డారు. ఒకడు బట్ట ముద్ద చేసి గ్లాసులో పోయబోయాడు, అది ముద్దగానే పడింది. చూడండి అంకుల్, పారలేదు అన్నాడు. ముతక బట్ట తీసుకుని పారలేదంటే ఎలా, పట్టు తీసుకురా, చేతిలోంచి జారిపోతుంది అన్నాను. ఇంకో పిల్ల, నీళ్ళ పైభాగం చదునుగా ఉంటుంది, బట్టది ఉండదు అంది. ఇస్త్రీ చేస్తే ఉంటుంది అన్నాను. నాకూ పౌరుషం వచ్చింది మరి. నేను అక్కడికి ఎందుకు వచ్చానో మర్చిపోయాను. ఎవరి గొంతుగా వచ్చానో ఆ మనిషి గోడకు ఆనుకుని చూస్తూ ఉంది.

అప్పుడు పొడుగు దించిన గౌను పిల్ల లేచి, నా చొక్కా జేబులో ఉన్న కత్తెర ఇవ్వమంది. ఇచ్చాను. బట్ట ముక్కను మధ్యకు కత్తిరించి, రెండు ముక్కలూ అంచుకు అంచు ఆనించి బల్ల మీద పెట్టి, అరచేత్తో అదిమి పట్టుకుంది. కాసేపు అలాగే ఉంది. చెయ్యి తీసింది, రెండు ముక్కలే. తర్వాత రెండు గ్లాసుల నీళ్ళూ ఒక గిన్నెలో పోసి నా ముందుకు జరిపింది.

"ఇందులో ఏ గ్లాసు నీళ్ళు ఎక్కడున్నాయో చూపించండి అంకుల్," అంది. నేను చూపించలేకపోయాను. "బట్ట కూడా ద్రవమే అయితే, పక్కపక్కన పెడితే కలిసిపోవాలి కదా. మరి మీరు కుట్టడం దేనికి?"

ఇంత కాలంగా సూదీ దారంతో నేను చేస్తున్న పని, మా నాన్న చేసిన పని, ఆ పిల్ల ఒక్క మాటలో తెచ్చి నా ముందు పెట్టింది. బట్ట తనంతట తాను కలవదు కాబట్టే నేనున్నాను. ఓడిపోయినందుకు సిగ్గు వేయాల్సింది పోయి ఎందుకో కడుపు నిండినట్టయింది. ఘనమే తల్లీ, తీసుకెళ్ళి ఆ బల్ల మీద పెట్టు అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

కథ అంతటితో అయిపోయేది. కానీ గుండీ ఊడిన పిల్లాడు ఊరుకోలేదు. మరి ఇసుక అన్నాడు. ఇసుక పోస్తే పారుతుంది, గిన్నెలో పోస్తే గిన్నె ఆకారం, రెండు కుప్పలు కలిపితే ఏది ఏ కుప్పదో ఎవరూ చెప్పలేరు. కుట్టక్కర్లేదు కూడా. నువ్వు చెప్పిన లెక్కన ఇసుక ద్రవమే అని ఆ పిల్లను నిలదీశాడు. క్లాసు నిట్టనిలువునా రెండయింది. అందరూ ఆవిడ వైపు తిరిగి టీచర్, టీచర్ అని అడిగారు. ఆవిడ పెదాలు కదిలాయి. ఆ గోలలో ఎవరికీ ఏమీ వినపడలేదు, నాకు కూడా. బెల్లు కొట్టారు.

పిల్లలు పోట్లాడుకుంటూ బయటికి వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ గారు దగ్గరికి వచ్చి నన్ను మెచ్చుకున్నారు. కావాలని తప్పు చెప్పి పిల్లల చేత దిద్దించడం భలే ఎత్తు, ఇద్దరూ కలిసి బాగా ఆలోచించారు అన్నారు. నేను నోరు మూసుకుని చిరునవ్వు నవ్వాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తర్వాత హెడ్‌మిస్ట్రెస్ గారు గొంతు తగ్గించి, అయితే మీరు రోజూ రాలేరు కదా అన్నారు. అదీ నిజమే, నాకు కొట్టుంది, బడికి పద్ధతులున్నాయి. రేపు ఆవిడ ఒక్కతే చెప్పాలి, తాను అదే చివరి బెంచీలో కూర్చుంటారు. అక్కడికి పాఠం చేరితే ఆరో తరగతి ఆవిడదే, చేరకపోతే లైబ్రరీ. అంతకంటే న్యాయంగా ఎవరు మాట్లాడతారు? అయినా నాకు ఒళ్ళు మండింది.

సాయంత్రం మా ఆవిడ కటింగ్ టేబుల్ దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చుని, "నిజంగానే అనుకున్నారా?" అని అడిగింది. నిజంగానే అనుకున్నానని ఒప్పుకున్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతు పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదటిసారి. ఏమైందే అని అమ్మ అడిగితే, ఆవిడ అమ్మ ముందుకెళ్ళి కూర్చుని పెదాలతో అంతా చెప్పింది. మీ అబ్బాయి బట్ట ద్రవమన్నాడత్తయ్యా అని. అమ్మ కాసేపు ఆలోచించి, కాదా మరి అంది. మా వంశం మీద మా ఆవిడకు ఏ మూలో మిగిలిన ఆశ ఉంటే అది కూడా అప్పుడే పోయి ఉంటుంది.

దీపాలు పెట్టే వేళకు కొట్టు ముందు ఎవరో గొడవ పడుతున్న చప్పుడైంది. చూస్తే గౌను పిల్ల, గుండీ ఊడిన పిల్లాడు. టీచర్ ఉందా, ఇసుక ఏమిటో చెప్పమనండి అన్నారు. దారంతా తేల్చుకోలేకపోయారట, ఇంట్లోవాళ్ళను అడిగితే వాళ్ళూ తలో మాట అన్నారట. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, నోటి మీద వేలు పెట్టి, రేపు అన్నట్టు చెయ్యి ఊపింది. వాళ్ళు ఉసూరుమంటూ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ మళ్ళీ పోట్లాడుకోవడం వినపడింది. అప్పుడే చెప్పేయొచ్చుగా, పాపం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి భోజనం సరిగ్గా చేయలేదు. భయపడుతోందని తెలుస్తూనే ఉంది. అమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు నిమురుతూ కూర్చుంది.

పొద్దున్న నేను చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వచ్చి ప్లగ్గు తీసేసింది. "మీరు రావొద్దు," అంది. "మీరు కనపడితే నేను మీ వైపు చూస్తాను. వాళ్ళు కూడా మీ వైపే చూస్తారు."

సరేనన్నాను. అన్నానే కానీ కొట్టులో కూర్చోలేకపోయాను. చేతిలో ఉన్న లాగుకు ఎడమ కాలు పొడుగు ఎక్కువ కత్తిరించి, ఇలాగైతే లాభం లేదని లేచాను. బడి వాచ్‌మన్ ఎప్పటినుంచో యూనిఫారం కుట్టమని అడుగుతున్నాడు. కొలతలు తీసుకునే వంకతో టేపు జేబులో వేసుకుని బయలుదేరాను. అతన్ని గేటు దగ్గర్నుంచి లాక్కొచ్చి, ఇక్కడ వెలుతురు బాగుందని ఆరో తరగతి వరండాలో, కిటికీకి కొంచెం ఇవతల నిలబెట్టాను. అతను అమాయకుడు, అలాగే నిలబడ్డాడు.

లోపల అంతా గోలగానే ఉంది. బల్ల మీద ఇసుక కుప్పలు రెండు కనపడుతున్నాయి. ఘనం అనేవాళ్ళు ఒకవైపు, ద్రవం అనేవాళ్ళు ఒకవైపు సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ బల్ల వెనక నిలబడి ఉంది. బల్ల కొట్టి పిలవలేదు, చెయ్యి ఎత్తలేదు, బెత్తం పట్టలేదు. పెదాలు కదిపింది. ముందు బెంచీలో గౌను పిల్ల వెనక్కి తిరిగి, ష్, టీచర్ చెబుతోంది అంది. ఆ పిల్ల వెనకవాళ్ళు వాళ్ళ వెనకవాళ్ళను గద్దించారు. నిన్నటి నుంచి ఎదురుచూస్తున్న జవాబు కదా, ఎదుటివాడి పిర్ర గిల్లి నోరు మూయించి అయినా వినాల్సిందే. గోల బెంచీ బెంచీకీ తగ్గుతూ వెనక్కి వెళ్ళింది. చివరికి ఫ్యాను గరగర ఒక్కటే మిగిలింది. దాని కింద ఆవిడ మాట నలిగిపోతోంది. వెనక బెంచీల పిల్లలు మెడలు చాచి, చేతులు చెవుల వెనక పెట్టుకుంటున్నారు. వినపడట్లేదు టీచర్ అని ఒకడు దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. అయినా వినపడలేదు. నా చేతిలో టేపు అలాగే ఉండిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు లేచారు. అయిపోయింది, బయటికి వచ్చేస్తున్నారు అనుకున్నాను. ఆమె గోడ దగ్గరికి నడిచి ఫ్యాను స్విచ్చి ఆపేశారు. తర్వాత వీధి వైపు కిటికీ తలుపులు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా మూశారు. మళ్ళీ వచ్చి చివరి బెంచీలో ఆ పిల్లల మధ్యనే కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, చెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు.

మండే ఎండవేళ, గాలి ఆడని ఆ గదిలో ఆ పిల్లలంతా చెమటలు కక్కుతూ కదలకుండా కూర్చున్నారు. వాళ్ళ బట్టల రాపిడి కూడా వినపడలేదు. అప్పుడు ఆవిడ మాట్లాడింది.

"కుప్పను చూడకండి. ఒక్క రేణువు తీసుకోండి. అరచేతిలో పెట్టుకుని చూడండి, దానికి ఆకారం ఉందా లేదా?"

చివరి బెంచీలో పొడుగు పిల్లాడు లేచి ముందుకొచ్చి, ఒక రేణువు గోటితో తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని, ఉంది టీచర్ అన్నాడు. అంత వెనక నుంచి విన్నాడు వాడు. నేను కూడా విన్నాను, వరండాలో నిలబడి, ఒక్క అక్షరం పోకుండా. ఇంట్లో నేను మెషిను ఆపి, పక్కన చేరి, చెవి ఒగ్గితే కానీ అందని గొంతు అది. ఇన్నాళ్ళూ దాన్ని నేనే కాపాడుకోవాలనుకున్నాను, దాని తరఫున నేనే మాట్లాడాలనుకున్నాను. దానికి నా అవసరం లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, సంతోషంతోనే, అయినా ఏడుపే. ఏమైంది మాస్టారూ అని వాచ్‌మన్ అడగబోతే నోటి మీద వేలు పెట్టి, మాట్లాడకు, లోపల పాఠం జరుగుతోంది అన్నాను.